కైకాల సత్యనారాయణ: తరచుగా అడిగే ప్రశ్నలు

యముడి వేషంలో తప్ప సత్యనారాయణ గారిని చూడని పిల్లలు మా ఇంట్లోనే ఉన్నారు. వాళ్లు అడిగినవి, పాత సినిమాలంటే ఇష్టపడే మిత్రులు అడిగినవి, నేనే వెతుక్కుని తెలుసుకున్నవి కలిపి ఇక్కడ రాశాను. నాకు బాగా ఇష్టమైన చోట ఎక్కువ రాశాను, మిగతా చోట్ల క్లుప్తంగా చెప్పాను.

కైకాల సత్యనారాయణ ఎవరు?

1959 నుంచి 2019 దాకా, అంటే అరవై ఏళ్ల పాటు తెలుగు తెర మీద కనిపించిన నటుడు. హీరోగా మొదలై విలన్ అయ్యారు, తర్వాత క్యారెక్టర్ ఆర్టిస్ట్‌గా స్థిరపడ్డారు. భీముడు, దుర్యోధనుడు, రావణుడు, ఘటోత్కచుడు, యముడు, జమీందారు, గుండె కరిగించే అన్నయ్య, అమ్మానాన్నల్ని గాలికొదిలేసిన కొడుకు, అన్నీ ఆయనే. అభిమానులు ఇచ్చుకున్న బిరుదు ‘నవరస నటనా సార్వభౌమ’. మన సినిమావాళ్ల బిరుదులు చాలావరకు పొగడ్త కోసం పుట్టినవే అయినా, ఇది మాత్రం ఆయన చేసిన పనిని ఉన్నదున్నట్టు చెబుతుందని నా నమ్మకం.

ఆయనది ఏ ఊరు? ‘కైకాల’ ఊరి పేరా?

కాదు, ఇంటిపేరు. ఊరు కృష్ణా జిల్లా గుడ్లవల్లేరు మండలంలోని కౌతవరం. 1935 జూలై 25న పుట్టారు. గుడివాడలో కాలేజీ చదువు పూర్తి చేశారు.

ఆ చుట్టుపక్కల గాలిలోనే నాటకం ఉండేది. ఎన్టీఆర్ సొంతూరు నిమ్మకూరు, అక్కినేని పుట్టిన రామాపురం కూడా గుడివాడ పరిసరాల్లోనివే. పంటలు ఇంటికొచ్చాక నాటకాలు, కాలేజీ వార్షికోత్సవాల్లో నాటకాలు, పరిషత్తు పోటీల్లో నాటకాలు. సత్యనారాయణ గారు కూడా చదువుకునే రోజుల్లోనే స్టేజీ ఎక్కారు. హీరో వేషమైనా విలన్ వేషమైనా కాదనకుండా వేసేవారు. తర్వాత సినిమాల్లో పనికొచ్చింది ఆ అలవాటే.

సినిమాల్లోకి ఎలా వచ్చారు?

డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగం వెతుక్కోకుండా మద్రాసు రైలెక్కినవాళ్లలో ఆయనొకరు. తొలి అవకాశం ఇచ్చింది ‘దేవదాసు’ నిర్మాత డి.ఎల్. నారాయణ. సినిమా ‘సిపాయి కూతురు’ (1959), పక్కన హీరోయిన్ జమున. కొత్త కుర్రాడికి అంతకంటే మంచి ఆరంభం ఏముంటుంది? కానీ సినిమా ఆడలేదు. మొదటి సినిమా పోతే హీరోకి రెండో సినిమా రావడం ఆ రోజుల్లోనూ కష్టమే.

అయినా ఆయన్ని ఇంటికి పంపకుండా పరిశ్రమ ఎందుకు అట్టిపెట్టుకుందంటే, ఆయన ముఖం వల్ల. ఆ ముఖంలో ఎన్టీఆర్ పోలికలు ఉండేవి.

ఎన్టీఆర్‌కి డూప్‌గా చేశారంటారు, నిజమేనా?

నిజమే. ఈ ప్రశ్న అడిగేవాళ్లలో కొందరు దాన్ని చిన్నతనంగా అనుకుంటారు. ఆ పని ఏమిటో తెలిస్తే అలా అనుకోరు.

కంప్యూటర్లు లేని రోజుల్లో ఒకే నటుడు రెండు పాత్రలు వేస్తే, ఇద్దరూ ఒకే ఫ్రేములో కనబడాలంటే కెమెరామన్ లెన్సు ముందు సగం మూసి ఒక వైపు తీసేవారు. ఫిల్మును వెనక్కి తిప్పి, రెండో సగం మూసి ఇంకో వైపు తీసేవారు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా మధ్యలో గీత కనబడి షాట్ పాడయ్యేది. అందుకని అలాంటి షాట్లు కొన్నే పెట్టుకుని, మిగతా చోట్ల ఒకరి ముఖం, ఇంకొకరి వీపు కనబడేలా తీసేవారు. ఆ వీపు, ఆ భుజాలు, ఆ నిలబడే తీరు అచ్చం హీరోలాగే ఉండాలి. ‘రాముడు భీముడు’ (1964) లాంటి ద్విపాత్రాభినయం సినిమాల్లో ఎన్టీఆర్‌కి ఎదురుగా అలా నిలబడింది సత్యనారాయణ గారు.

ఆలోచించండి. ఎదురుగా ఎన్టీఆర్ డైలాగు చెబుతుంటే, తన ముఖం కెమెరాకి కనబడదని తెలిసి కూడా, ఆయన కంటిచూపు నిలవడానికీ టైమింగ్ కుదరడానికీ సరిగ్గా స్పందిస్తూ నిలబడాలి. ఒక మహానటుడు ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో, మాటను ఎక్కడ విరుస్తాడో అడుగు దూరం నుంచి చూసే అవకాశం అది. యాక్టింగ్ స్కూలుకి వెళ్లని కుర్రాడికి అంతకంటే పెద్ద బడి దొరకదు.

పోలిక ఇంకో రకంగానూ కలిసొచ్చింది. ‘లవకుశ’ (1963)లో ఎన్టీఆర్ రాముడైతే, భరతుడు సత్యనారాయణ గారే. అన్నదమ్ములంటే నమ్మేలా ఉంటారు కదా! అందులోనే శత్రుఘ్నుడు శోభన్‌బాబు, లక్ష్మణుడు కాంతారావు. ఈసారి చూసినప్పుడు పట్టాభిరాముడి చుట్టూ ఉన్న ఆ తమ్ముళ్లను కాస్త గమనించండి.

అయితే ఈ పోలికే ఆయనకు అడ్డు కూడా. ఎన్టీఆర్ ఉండగా ఎన్టీఆర్‌లా ఉండే ఇంకో హీరో ఎవరికి కావాలి?

మరి విలన్ ఎలా అయ్యారు?

ఆ చిక్కుముడి విప్పింది జానపద బ్రహ్మ బి. విఠలాచార్య. ‘కనకదుర్గ పూజా మహిమ’ (1960)లో ఆయనకి ప్రతినాయకుడి వేషం ఇచ్చారు. హీరోగా అడ్డొచ్చిన ఆ భారీ విగ్రహం, ఆ పెద్ద కళ్లు, ఆ గంభీరమైన గొంతు విలన్‌కి సరిగ్గా సరిపోయాయి. కత్తియుద్ధాల సినిమాల్లో హీరోకి సమఉజ్జీగా కనబడేవాడు ఎదురుంటేనే యుద్ధం రక్తి కడుతుంది. అప్పటికే రాజనాల ఆ స్థానంలో రారాజుగా ఉన్నారు. ఆయన పక్కన ఇంకో కుర్చీ వేయించుకోవడం తేలికైన పని కాదు.

అక్కణ్నుంచి సాంఘికాల్లోకి. ‘ప్రేమనగర్’ (1971)లో అక్కినేనికి అన్న కేశవవర్మగా చేసింది ఈయనే. జమీందారీ ఇంట్లో తమ్ముడి మీద కడుపులో విషం పెట్టుకున్న మనిషి. అందులో అరుపులు తక్కువ. మాట మర్యాదగానే ఉంటుంది, చూపులో మాత్రం వేరే లెక్క నడుస్తూ ఉంటుంది.

నిజంగానే జనం ఆయన్ని చూసి భయపడేవారా?

మా అమ్మమ్మ సంగతి చెబుతాను. దూరదర్శన్‌లో శనివారం సాయంత్రం సినిమా వస్తే ఇంటి ముందు గదంతా చాపలు పరిచేవాళ్లం. అమ్మమ్మ బియ్యం చేట ఒళ్లో పెట్టుకుని రాళ్లు ఏరుతూ చూసేది. తెర మీద సత్యనారాయణ గారు కనబడగానే చేతులు ఆగిపోయేవి. “వచ్చాడమ్మా సచ్చినోడు, ఇంక ఆ పిల్లని బతకనివ్వడు” అనేది. ఆయన ఇంకా ఏమీ చేసి ఉండడు. తలుపు తోసుకుని లోపలికి వచ్చాడంతే.

అదే అమ్మమ్మ ‘శారద’ వచ్చిన రోజు ఆయన్ని చూసి కళ్లు ఒత్తుకుంది. “వీడు మంచోడేనే” అంది ఆశ్చర్యంగా. తిట్టిన మనిషి చేతే అరగంటలో కన్నీళ్లు పెట్టించాడు. ఏ సమీక్ష చదివినా నాకు ఆయన గొప్పతనం అంత బాగా అర్థం కాలేదు.

‘శారద’లో ఆయన పాత్ర ఏమిటి? మంచి పాత్రలు ఇంకేం చేశారు?

కె. విశ్వనాథ్ తీసిన ‘శారద’ (1973)లో మతి చలించిన చెల్లెలికి అన్న ఆయన. శారద, శోభన్‌బాబు ప్రధాన పాత్రలు. అప్పటిదాకా విలన్‌గా ముద్రపడ్డ మనిషిని అలాంటి వేషానికి ఎంచుకోవడం దర్శకుడి ధైర్యం. నటుడిగా ఆయన చేసిన పనల్లా ఆ పెద్ద శరీరాన్ని చిన్నదిగా చేసుకోవడం. భుజాలు కాస్త వంగుతాయి, గొంతు దిగుతుంది. చెల్లెలి ముందు నిలబడ్డప్పుడు ఆ కండలన్నీ ఎందుకూ పనికిరానట్టు ఉంటాడు.

అదే ఏడాది ‘తాత మనవడు’ వచ్చింది. దాసరి నారాయణరావు దర్శకుడిగా పరిచయమైన సినిమా. తాతగా ఎస్.వి. రంగారావు, మనవడిగా రాజబాబు, మధ్యలో తల్లిదండ్రుల్ని పట్టించుకోని కొడుకుగా సత్యనారాయణ. ఇది విలనీ కాదు, మంచితనమూ కాదు. మన వీధిలో, మన చుట్టాల్లో కనబడే మనిషే. కత్తి పట్టుకున్న విలన్ని చూసి భయపడతాం గానీ ఈ కొడుకుని చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకంటే వీడు మనకి తెలిసినవాడు. నంది అవార్డు కూడా వచ్చింది. ఆయన నటనలో నేను అన్నిటికంటే పైన పెట్టే సినిమా ఇదే.

ఎస్వీ రంగారావు వారసుడని ఎందుకంటారు?

రంగారావు గారు 1974లో కన్నుమూశారు. ఆ తర్వాత రాక్షసుడి వేషం, చక్రవర్తి వేషం రాసుకున్న ప్రతి దర్శకుడికీ ఒకటే ప్రశ్న: ఎవరు వేస్తారు? కిరీటం పెడితే కిరీటం నిలవాలి, గద పట్టుకుంటే గదకి బరువున్నట్టు కనబడాలి, నాలుగు వరసల సమాసాన్ని ఒక్క ఊపిరిలో చెప్పగలగాలి. జవాబుగా దొరికింది సత్యనారాయణ.

బాపు గారి రావణులే దీనికి సాక్ష్యం. 1971లో ‘సంపూర్ణ రామాయణం’ తీసినప్పుడు రావణుడు రంగారావు. 1976లో ‘సీతా కల్యాణం’ తీసినప్పుడు సత్యనారాయణ. ఇక ‘మాయాబజార్’ (1957)లో రంగారావు ఘటోత్కచుడు తెలుగువాళ్ల మనసులో ఎంత గట్టిగా నాటుకుందో చెప్పక్కర్లేదు. మళ్లీ ఆ పాత్ర ముట్టుకోవాలంటే ఎవరికైనా టెన్షనే. ఎస్వీ కృష్ణారెడ్డి 1995లో ‘ఘటోత్కచుడు’ తీస్తే ఆ కిరీటం అరవై ఏళ్ల సత్యనారాయణ గారి తలకెక్కింది. రంగారావుని అనుకరించకుండా, పిల్లలు చెయ్యి పట్టుకుని నడవగలిగే ఘటోత్కచుణ్ని చేసి చూపించారు.

వారసుడన్న మాట మాత్రం నాకు పూర్తిగా నచ్చదు. రంగారావు గారిలో ఒక రాజసమైన నిర్లక్ష్యం ఉంటుంది, ఏదీ పట్టనట్టు నటిస్తారు. సత్యనారాయణ గారిది కష్టపడే నటన. ప్రతి మాటనూ బరువు తూచి వదులుతారు. ఇద్దరి దారులూ వేరు.

ఒకే రోజు భీముడిగా, దుర్యోధనుడిగా కనిపించారట. అదెలా?

1977 సంక్రాంతి సంగతి ఇది. ఇంట్లో పెద్దవాళ్లుంటే అడగండి, కళ్లు మెరుస్తాయి.

ఎన్టీఆర్ స్వీయ దర్శకత్వంలో ‘దానవీరశూరకర్ణ’ తీశారు. కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ తానే. అదే సమయంలో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో ‘కురుక్షేత్రం’ తయారైంది. కృష్ణ అర్జునుడు, శోభన్‌బాబు కృష్ణుడు, కృష్ణంరాజు కర్ణుడు. రెండూ మహాభారతమే, రెండూ 1977 జనవరి 14న ఒకే రోజు విడుదలయ్యాయి. ఊళ్లు రెండుగా చీలిపోయాయి.

ఆ రెండు సైన్యాల్లోనూ ఉన్నది సత్యనారాయణ గారు. ‘దానవీరశూరకర్ణ’లో భీముడు. ‘కురుక్షేత్రం’లో దుర్యోధనుడు. ఒక థియేటర్లో దుర్యోధనుడి తొడ విరగ్గొట్టాల్సిన మనిషి, ఎదురుగా ఉన్న థియేటర్లో తానే దుర్యోధనుడు! ఉదయం ఆట ఇక్కడ, మ్యాట్నీ అక్కడ చూసినవాళ్లు ఎంతమందో.

ఇందులో ఆయనకి ఎంత చిక్కు ఉందో గమనించండి. భీముడి వేషంలో ఎదురుగా ఉన్న దుర్యోధనుడు ఎన్టీఆర్. అక్కడ సినిమా సానుభూతి అంతా కౌరవుల వైపే, ఎందుకంటే కథ కర్ణుడిది, దుర్యోధనుడు నాయకుడంత గొప్పగా కనబడతాడు. ఆ పక్కన భీముడు తేలిపోకుండా నిలవాలి. ‘కురుక్షేత్రం’లోనేమో కథంతా పాండవుల వైపు. మామూలు పద్ధతిలో దుర్యోధనుణ్ని పూర్తి దుష్టుడిగా నిలబెట్టాలి, అయినా ముగ్గురు పెద్ద హీరోలకి చాలినంత ప్రత్యర్థిగా ఉండాలి. అభిమానులు ఒక దుర్యోధనుణ్ని ఇంకో దుర్యోధనుడితో పోలుస్తారని ఆయనకి తెలుసు. ఎదుటి దుర్యోధనుడు ఎవరి పోలికతో తాను పరిశ్రమలో నిలదొక్కుకున్నాడో ఆ ఎన్టీఆరే.

వసూళ్లలో ‘దానవీరశూరకర్ణ’ది పైచెయ్యి. కానీ ‘కురుక్షేత్రం’ దుర్యోధనుడు ఓడిపోయాడని నేను ఒప్పుకోను. ఆ పాత్రను విడిగా చూడండి. మీసం మెలిపెట్టే తీరులో, సభలోకి నడిచే నడకలో ఎక్కడా ఎన్టీఆర్ ఛాయ లేదు. పద్దెనిమిదేళ్లుగా తనను వెంటాడిన పోలికను అక్కడ పూర్తిగా వదిలించుకున్నారు.

అదే ఏడాది వేసవిలో ‘అడవి రాముడు’లో విలన్ పక్షం. ఏడాది చివరికల్లా ‘యమగోల’లో యముడు. భీముడు, దుర్యోధనుడు, స్మగ్లర్ల ముఠా, యముడు, అన్నీ ఒకే క్యాలెండర్‌లో.

యముడి వేషం ఎన్ని సినిమాల్లో వేశారు? అందులో ఏది బాగుంటుంది?

అందరికీ గుర్తుండే మూడు సినిమాలు ‘యమగోల’ (1977), ‘యముడికి మొగుడు’ (1988), ‘యమలీల’ (1994). ఎన్టీఆర్, చిరంజీవి, ఆలీ. మూడు తరాల హీరోలు మారారు, యమధర్మరాజు సింహాసనం మీద మాత్రం ఆయనే ఉన్నారు. మొదటి రెండింట్లో చిత్రగుప్తుడు అల్లు రామలింగయ్య, మూడోదాంట్లో బ్రహ్మానందం. 2007లో ‘యమగోల మళ్లీ మొదలైంది’ అన్నప్పుడూ ఆయన లేకుండా కుదరలేదు.

ఈ యముడు ఎందుకంత నచ్చాడంటే, ఆయన ఎక్కడా నవ్వించాలని చేయరు. చుట్టూ ఎంత గోల జరుగుతున్నా ఆయన మాత్రం నిఖార్సైన పౌరాణికంలో ఉంటారు. ‘యమగోల’లో హీరో యమలోకానికి వెళ్లి కింకరుల చేత సమ్మె చేయిస్తాడు. నరకంలో నినాదాలు మొదలైతే, ‘లవకుశ’ కాలంనాటి గాంభీర్యంతో యముడు అదిరిపడతాడు. ఆ కోపం నిజం, ఆ అవమానం నిజం. అందుకే మనకి నవ్వొస్తుంది. ఆయన కూడా వెకిలిగా చేసి ఉంటే సినిమా పేలేది కాదు.

‘యమలీల’ నాకు ఇంకా ఇష్టం. భవిష్యవాణి పుస్తకం పోగొట్టుకుని, దాన్ని వెతుక్కుంటూ చిత్రగుప్తుడితో కలిసి హైదరాబాద్ రోడ్ల మీదకి వచ్చిన యముడు. కిరీటం, గద, ఆభరణాలు అన్నీ ఒంటి మీదే ఉంటాయి, జనం నాటకాలవాళ్లు అనుకుంటారు. ఐస్‌క్రీమ్‌ని ఆయన ‘హిమక్రీములు’ అంటారు. ఆ మాటను రాజసూయ యాగం గురించి మాట్లాడుతున్నంత నిష్ఠగా పలుకుతారు. మా ఇంట్లో ఈ రోజుకీ ఐస్‌క్రీమ్ తెస్తే పిల్లలు హిమక్రీములు వచ్చాయనే అరుస్తారు. “యముండ!” అని సాగదీసి తొడ చరిచే ఆ ఒక్క మాట చాలు, గొంతు ఎవరిదో చెప్పక్కర్లేదు.

777 సినిమాలు చేశారన్నది నిజమా?

పత్రికలు రాసేది, అందరూ చెప్పుకునేది ఆ అంకెనే. పాత రోజుల్లో ఒక్కో నటుడు మూడు కాల్షీట్లలో మూడు సెట్ల మీద పనిచేసేవారు కాబట్టి నమ్మలేనంత పెద్ద అంకె కూడా కాదు.

సినిమాలు నిర్మించారా?

నిర్మించారు. బ్యానర్ పేరు రమా ఫిలిమ్స్. చిరంజీవి కౌబాయ్‌గా చేసిన ‘కొదమసింహం’ (1990), అక్కినేని నటించిన ‘బంగారు కుటుంబం’ (1994) ఆయన సంస్థ నుంచి వచ్చినవే.

రాజకీయాల్లో ఉన్నారా?

1996లో తెలుగుదేశం తరఫున మచిలీపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు. సొంత జిల్లా, సొంత మనుషులు. ఆ సభ రెండేళ్లు నిండకుండానే రద్దయింది. మళ్లీ పార్లమెంటుకి వెళ్లలేదు. నటన మాత్రం మానలేదు.

ఏ అవార్డులు వచ్చాయి? పద్మ అవార్డు వచ్చిందా?

నంది అవార్డులతో పాటు, 2011కి గాను రఘుపతి వెంకయ్య పురస్కారం, 2017లో ఫిల్మ్‌ఫేర్ జీవన సాఫల్య పురస్కారం వచ్చాయి. పద్మ అవార్డు రాలేదు. అరవై ఏళ్లు పనిచేసిన నటుడికి, అందులోనూ పౌరాణిక వాచకాన్ని చివరిదాకా బతికించిన నటుడికి ఆ గౌరవం దక్కకపోవడం తెలుగువాళ్లందరికీ లోటే. హీరోలకి విగ్రహాలు ఉంటాయి, క్యారెక్టర్ ఆర్టిస్టుల కోసం గట్టిగా అడిగేవాళ్లు తక్కువ. నాకు ఈ విషయంలో బాధ ఉంది, దాచుకోను.

చివరి రోజులు ఎలా గడిచాయి?

2019లో ‘మహర్షి’లో కనిపించారు. ఆ తర్వాత ఆరోగ్యం సహకరించలేదు. 2022 డిసెంబర్ 23 తెల్లవారుజామున హైదరాబాద్ ఫిల్మ్‌నగర్‌లోని ఇంట్లో కన్నుమూశారు. వయసు 87. మర్నాడు మహాప్రస్థానంలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. అదే ఏడాది నవంబర్‌లో కృష్ణ, సెప్టెంబర్‌లో కృష్ణంరాజు వెళ్లిపోయారు. ‘కురుక్షేత్రం’ అర్జునుడు, కర్ణుడు, దుర్యోధనుడు నాలుగు నెలల లోపే ఒకరి తర్వాత ఒకరు.

ఆయన సినిమాలు కొత్తగా చూసేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

పిల్లలతో అయితే ‘యమలీల’. నవ్వుతూ మొదలైతే మిగతావి వాళ్లే అడుగుతారు. పెద్దవాళ్లయితే ముందు ‘ప్రేమనగర్’, తర్వాత ‘శారద’ చూడండి, మధ్యలో ఒక్క రోజు కూడా విరామం ఇవ్వకుండా. ఇద్దరూ ఒకే మనిషంటే నమ్మబుద్ధి కాదు.

‘తాత మనవడు’ మాత్రం ఒంటరిగా చూడకండి. ఇంట్లో అమ్మానాన్న ఉంటే వాళ్ల పక్కన కూర్చుని చూడండి. మా నాన్న ఈ సినిమా చూస్తున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు, అయిపోయాక లేచి లోపలికెళ్లి ఊళ్లో ఉన్న తాతయ్యకి ఫోన్ చేశారు.